ముల్కీ ఎవరు? పరదేశి ఎవరు? – మన ప్రాంతపు వలసల చరిత్ర

జనాభా అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది పుట్టినవారి లెక్క, గతించినవారి లెక్క. కాని ఈ రెండింటితోనే లెక్క తేలదు. ఊళ్ళోకి వచ్చినవారు ఎందరు, ఊరు విడిచిపోయినవారు ఎందరు అనే మూడవ లెక్క ఒకటి ఉన్నది. భూగోళ శాస్త్రంలో దానినే వలస అంటారు. ఆదిభట్ల, ఇబ్రహీంపట్నం ప్రాంతపు చరిత్రనూ, మన కుటుంబాల చరిత్రనూ అర్థం చేసుకోవాలంటే ఈ మూడవ లెక్కే మనకు ముఖ్యం.

నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. 1911లో రాజ్యపు జనాభా సుమారు 1 కోటి 33 లక్షలు. పదేండ్ల తరువాత చూస్తే అది పెరగలేదు సరికదా, 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అంతటి పని చేసింది. మరణాల లెక్క అట్లా ఒక్కసారిగా కనబడుతుంది. వలస మాత్రం అట్లా కనబడదు. ఒక ఇంటి నుండి ఒకడు పోతాడు, రెండేండ్లకు ఇంకొకడు పోతాడు, ఎవరూ రాసి పెట్టుకోరు.

మన పట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా సంగతే చూడండి. ఆయన వంశానికి మూలపురుషుడు, తండ్రి అయిన సుల్తాన్ కులీ ఇరాన్ దేశపు హమదాన్ నుండి బహమనీల కొలువుకు వచ్చినవాడు. 1543లో తండ్రి హత్య జరిగినాక, అన్న జంషీదుకు భయపడి ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేండ్లు తలదాచుకున్నాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే కాందిశీకుడు! 1550లో గోల్కొండ గద్దె ఎక్కి 1580 దాకా ఏలినాడు. తెలుగు కవులను ఆదరించి 'మల్కిభరాముడు' అనిపించుకున్నాడు. పరాయి ఊళ్ళో గడిపిన ఏండ్లు ఊరికే పోలేదన్న మాట.

జనం ఎందుకు కదులుతారు అన్న ప్రశ్నకు 1885లో రావెన్‌స్టీన్ అనే పండితుడు ఇంగ్లండు జనగణన చూసి కొన్ని సూత్రాలు చెప్పినాడు. ఎక్కువమంది దగ్గరి దూరానికే పోతారనీ, పెద్ద పట్నం చేరేది మెట్టుమెట్టుగా అనీ, దగ్గరి దూరపు వలసల్లో మగవారికంటే ఆడవారే ఎక్కువనీ అన్నాడు. ఈ చివరి మాట వింటే మనవాళ్ళు నవ్వుతారు. కాని 2011 జనగణనలో మన దేశంలో వలసదారులుగా లెక్కకు వచ్చిన 45 కోట్ల పైచిలుకు మందిలో స్త్రీలే ఎక్కువ. అందులోనూ పెళ్ళి చేసుకొని అత్తగారింటికి వచ్చినవారే ఎక్కువ. యాచారం నుండి ఆదిభట్లకు వచ్చిన కోడలు కూడా సర్కారు లెక్కలో వలసదారే. మన ఇండ్లల్లో అమ్మీ, నానీ, దాదీ అందరూ వలస వచ్చినవారే, మనం మాత్రం ఆ మాట వాడం.

తరువాత 1966లో ఎవరెట్ లీ అనే ఆయన దీనిని ఇంకొంచెం విడదీసి చెప్పినాడు. తరిమే కారణాలు వేరు, పిలిచే కారణాలు వేరు, ఈ రెండింటి నడుమ అడ్డంకులు వేరు అన్నాడు. చెరువు ఎండితే ఊరు తరుముతుంది. కూలి ఎక్కువిస్తే పట్నం పిలుస్తుంది. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు అడిగే పైసలు నడుమ అడ్డం పడతాయి.

ఇక అసలు కథకు వస్తాను. గల్ఫుకు పోవడం మనవాళ్ళు మొదలుపెట్టిన కొత్త పని అనుకుంటాం. అంతకు వందేండ్ల ముందే అరబ్బులు కొలువు కోసం మన దగ్గరికి వచ్చినారు. యెమెన్ దేశంలో హద్రమౌత్ అనే ఎండు లోయ ఉన్నది. పంట తక్కువ, తగాదాలు ఎక్కువ. అక్కడి జవాన్లు ఓడలెక్కి వచ్చి నిజాం ఫౌజులో చేరినారు. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ పేరు 'బ్యారక్స్' అనే ఇంగ్లీషు మాట నుండి వచ్చిందే. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన ఇట్లాగే వచ్చి నిజాం సైన్యంలో జమాదారు అయినాడు. హైదరాబాదులో సంపాదించిన సొమ్ముతో ఆయన సంతానం సొంత దేశంలో కోటలు గెలిచి, 1881లో ముకల్లా రేవును పట్టుకొని, సుల్తానులై 1967 దాకా ఏలినారు. ఇంటికి పంపే పైసకు ఎంత బలముందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు. అప్పుడు హద్రమౌత్‌కు హైదరాబాదే గల్ఫు!

వచ్చినవారు ఎక్కువైనప్పుడల్లా ఉన్నవారికి బెంగ పుడుతుంది. మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 దాకా దివానుగా ఉండి ఉత్తరాది నుండి చదువుకున్నవారిని రప్పించినాడు. అప్పటి నుండే ముల్కీ, గైర్‌ముల్కీ తగవు ముదిరింది. 1919లో నిజాం ఫర్మానా వచ్చింది: పదిహేనేండ్లు ఇక్కడ స్థిరంగా ఉన్నవాడు కూడా ముల్కీ కిందికి వస్తాడని. ఒక మనిషి పరదేశి కాకుండా పోవడానికి ఎన్ని ఏండ్లు పట్టాలన్నది కాగితం మీద రాసిన సర్కారు అది. ఆ నిబంధనలు 1952లోనూ, 1969లోనూ పెద్ద ఆందోళనలకు కారణమైనాయి, 1973లో రద్దయినాయి.

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్య తరువాతి వలస వేరు రకం. అది పిలిస్తే పోయినది కాదు, తరిమితే పోయినది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 నుండి 40 వేల మంది ప్రాణాలు పోయినాయని అంచనా వేసింది; ఆ నివేదిక 2013లో గాని బయటకు రాలేదు. బతికినవారిలో అనేకులు పల్లెలు విడిచి హైదరాబాదు చేరినారు. కొలువులు పోయినవారు కొందరు కరాచీ దారి పట్టినారు. అక్కడ నేటికీ హైదరాబాద్ కాలనీ అనే బస్తీ ఉన్నది, మన పచ్చళ్ళకు పేరుపొందింది. ఫౌజులోని అరబ్బులను పెద్ద సంఖ్యలో ఓడలెక్కించి పంపివేసినారు. ఒక్క కుటుంబంలో అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ, ఉత్తరాలు మాత్రం నడుమ. ఈ సంగతులు తెలిసిన పెద్దలు ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలినారు. మీ ఇంట్లో ఉంటే అడిగి రాసి పెట్టుకోండి, ఏ జనగణన పుస్తకంలోనూ దొరకవు.

1973లో చమురు ధరలు పెరిగినాక దారి తిరగబడింది. సౌదీ, కువైట్, దుబాయిలో మేస్త్రీలు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు కావలసి వచ్చినారు. ఒకడు పోయి కుదురుకుంటే బావమరిదికి వీసా పంపుతాడు, బావమరిది పక్కింటివాడికి పంపుతాడు. దీనినే గొలుసు వలస అంటారు. ఇంటికి పైసలు వచ్చినాయి, పక్కా ఇండ్లు లేచినాయి, చెల్లెండ్ల పెళ్ళిళ్ళు అయినాయి. కాని ఖఫీలు చేతిలో పాస్‌పోర్టు పెట్టి రెండేండ్లకొకసారి ఇంటికి వచ్చే మనిషిని, పిల్లలు అబ్బా అని పిలవడానికి మొహమాటపడే ఇండ్లను నేను చూసినాను. ఆ ఖర్చును ఎవరూ లెక్క వేయలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తిరిగి తేవలసి వచ్చింది. ఏండ్ల సంపాదన అక్కడే వదిలి, కట్టుబట్టలతో దిగినవారు అందులో ఎందరో.

ఇప్పుడు వలస మన గడపకే వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు, టి.సి.ఎస్. క్యాంపస్, టాటావారి విమాన విడిభాగాల కర్మాగారాలు వచ్చి ఆదిభట్ల ముఖం మారిపోయింది. 2018లో ఇక్కడే అపాచీ హెలికాప్టరు భాగాలు తయారుచేసే టాటా-బోయింగ్ ఫ్యాక్టరీ తెరిచినారు. ఊరు మునిసిపాలిటీ అయింది కూడా ఆ ఏడే. జొన్న, కంది పండిన భూముల్లో కట్టడాలు లేస్తున్నాయి. వాటిని కట్టేవారు బిహార్, ఒడిషా, జార్ఖండ్‌ల నుండి వచ్చినవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వీరు ఎందరున్నారో, ఎక్కడెక్కడ ఉన్నారో సరైన లెక్క లేకపోయింది. వలస కూలీలను ఇండ్లకు చేర్చిన మొదటి శ్రామిక్ రైలు మే 1న మన రంగారెడ్డి జిల్లా లింగంపల్లి నుండే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడు జరగనే లేదు.

శుక్రవారం నమాజులో వెనుక వరుసల్లో ఇప్పుడు కొత్త ముఖాలు కనబడుతున్నాయి. జ్వరం వస్తే దవాఖానాకు తీసుకుపోయేవాడు లేడు, మేస్త్రీ కూలి ఎగ్గొడితే అడిగేవాడు లేడు, ప్రమాదంలో చనిపోతే ఇంటికి కబురు ఎవరు చేయాలో తెలియదు. సరిగ్గా ఇవే కష్టాలు మనవాళ్ళు రియాద్‌లో, షార్జాలో పడ్డారు. వారి పేరు, ఊరు, ఇంటివారి ఫోన్ నెంబరు ఒక రిజిస్టరులో రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పదిహేనేండ్లు ఆగవలసిన పని అంతకన్నా లేదు.