1960ల సైకడెలిక్ రాక్ ఆల్బంలు

సైకడెలిక్ రాక్ 1965–69 మధ్య అమెరికాలోనూ ఇంగ్లండులోనూ వర్ధిల్లిన రాక్ సంగీత శాఖ. ఎల్.ఎస్.డి. వంటి పదార్థాలు కలిగించే ఇంద్రియభ్రాంతిని, అంటే కాలం సాగినట్టు, రంగులు వినబడినట్టు, తనకూ లోకానికీ నడుమ హద్దు చెరిగినట్టు అనిపించే స్థితిని, వాద్యాలతోనూ గొంతుతోనూ రికార్డింగు యంత్రాలతోనూ పుట్టించాలన్న ప్రయత్నం దీని లక్షణం. తిరగేసిన టేపులు, ప్రతిధ్వనులు, సితారు, ఎడతెగని శ్రుతి, పది నిమిషాలకు పైగా సాగే గిటారు వాదనం దీని ఆనవాళ్లు. ఈ శాఖ ఘనత విడి పాటల్లో కంటే ఆల్బంలలోనే ఎక్కువ. అంతకుముందు రాక్ వ్యాపారం రెండు మూడు నిమిషాల పాట పట్టే చిన్న రికార్డు మీద నడిచేది. ఎల్.పి. అనే పెద్ద రికార్డు అంటే రెండు హిట్ పాటలు పైన పెట్టి, కింద తాలు గింజలు నింపిన బస్తా. 1966 మొదలు మూడు నాలుగేళ్లలో ఈ పద్ధతి మారి, రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినవలసిన వస్తువుగా ఎల్.పి. స్థిరపడింది.

నేపథ్యం

ఎల్.ఎస్.డి.ని 1938లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో శాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ తయారుచేశాడు. మనసు మీద అది చూపే ప్రభావం 1943లో స్వయంగా ఆయనకే అనుభవమైంది. చాలాకాలం మానసిక వైద్యుల పరిశోధనల్లో వాడుకలో ఉన్న ఆ పదార్థం 1960ల నడుమ శాన్‌ఫ్రాన్సిస్కో యువత చేతికి చేరింది. 1966 అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని నిషేధించింది. ఈ ఆల్బంల చరిత్రలో మత్తుకు దక్కినంత చోటు టేపు యంత్రానికి దక్కలేదు. చెవికి వినిపించేది మాత్రం చాలావరకు ఆ యంత్రం పనితనమే.

ఈ శాఖకు మరో మూలం హిందుస్తానీ సంగీతం. 1950ల నుంచి పాశ్చాత్య దేశాల్లో కచేరీలు చేస్తున్న సితారు విద్వాంసుడు రవిశంకర్ రికార్డులు అమెరికన్ సంగీతకారుల చేతుల్లో తిరుగుతూ ఉండేవి. 1965 డిసెంబరులో వచ్చిన బీటిల్స్ బృందం ఆల్బం ‘రబ్బర్ సోల్’లో జార్జ్ హారిసన్ ఒక పాటకు సితారు వాయించాడు. 1966 మార్చిలో బర్డ్స్ బృందం విడుదల చేసిన ‘ఎయిట్ మైల్స్ హై’ పాటలో రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల గిటారు మీద జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ ధోరణినీ రవిశంకర్ సితారునూ కలిపి పలికించడానికి చూశాడు. అదే ఏడాది ఆగస్టులో షికాగోకు చెందిన పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ ‘ఈస్ట్–వెస్ట్’ అనే పదమూడు నిమిషాల వాద్య రచనలో ఇదే పని మరింత తీరికగా చేసింది.

‘రివాల్వర్’, ‘సార్జెంట్ పెప్పర్’

1966 ఆగస్టు 5న వెలువడిన బీటిల్స్ ఆల్బం ‘రివాల్వర్’లో చివరి పాట ‘టుమారో నెవర్ నోస్’. రికార్డింగులో మాత్రం అదే మొదటిది. పాటంతా దాదాపు ఒకే స్వరమేళం మీద, అడుగున తంబురా శ్రుతితో నడుస్తుంది. టేపు ముక్కలను చుట్టలుగా అతికించి, ఆబీ రోడ్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో అనేక యంత్రాల మీద ఒకేసారి తిప్పారు. బిగువు సడలకుండా సిబ్బంది ఆ చుట్టలను పెన్సిళ్లతో లాగిపట్టుకున్నారు. పాటలో పక్షుల అరుపుల్లా వినిపించేవి ఆ చుట్టల్లోంచి వచ్చిన ధ్వనులే. జాన్ లెనన్ గొంతును కొంతభాగం హామండ్ ఆర్గన్‌కు వాడే తిరుగుడు స్పీకరు గుండా పంపారు. ఈ పనులు చూసిన ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. ఒకే గొంతు రెండు గొంతుల్లా వినిపించే యాంత్రిక పద్ధతిని అదే స్టూడియోలోని కెన్ టౌన్‌సెండ్ ఆ రోజుల్లోనే రూపొందించాడు. ఇదే ఆల్బంలోని ‘లవ్ యూ టు’ పాట ఆలాపనతో మొదలై క్రమంగా వేగం అందుకుంటుంది. దానికి తబలా వాయించిన అనిల్ భాగవత్ పేరు రికార్డు అట్ట మీద అచ్చయింది.

1967 జూన్ 1 విడుదల తేదీగా, నిజానికి అంతకు కొద్దిరోజుల ముందే, ఇంగ్లండులో అంగళ్లకు చేరిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఈ శాఖలో అన్నిటికన్నా ఎక్కువమంది విన్న ఆల్బం. దాన్ని నాలుగు ట్రాకుల టేపు యంత్రాలతో తీశారు. నాలుగూ నిండితే వాటిని కలిపి మరో యంత్రంలోని ఒకటి రెండు ట్రాకుల్లోకి దించి, మిగిలిన ఖాళీలో కొత్త వాద్యాలు చేర్చేవారు. దించిన ప్రతిసారీ ధ్వని కొంత మసకబారుతుంది కాబట్టి ఏది ముందు కలపాలో ముందే తేల్చుకోవాలి. నిర్మాత జార్జ్ మార్టిన్ ప్రతిభ ఇక్కడే కనిపిస్తుంది. ‘ఎ డే ఇన్ ద లైఫ్’లో నలభైమంది వాద్యకారులు తమ తమ వాద్యాల అట్టడుగు స్వరం నుంచి పైస్థాయికి ఎవరికివారుగా పాకుతారు. ‘వితిన్ యూ వితౌట్ యూ’లో హారిసన్ తప్ప మిగతా బీటిల్స్ ఎవరూ లేరు. లండనులోని భారతీయ వాద్యకారులు దిల్‌రుబా, తబలా వాయించగా, దిల్‌రుబా జారుగమకాలను పాశ్చాత్య వయొలిన్లు, చెల్లోల మీద పలికించడానికి మార్టిన్ శ్రమపడి స్వరపత్రం రాశాడు.

పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు కూర్చిన అట్ట కూడా సంగీతమంత పేరు పొందింది. ప్రసిద్ధుల బొమ్మల గుంపులో శ్రీయుక్తేశ్వర్, లాహిరీ మహాశయులు, మహావతార్ బాబాజీ, పరమహంస యోగానంద ఉన్నారు. గాంధీజీ బొమ్మను కూడా పెట్టారు గానీ, భారతదేశంలో అమ్మకాలకు ఇబ్బంది అవుతుందని ఇ.ఎం.ఐ. అధిపతి జోసెఫ్ లాక్‌వుడ్ పట్టుబట్టడంతో తీసేశారు. 1968లో దీనికి ఆ ఏటి మేటి ఆల్బంగా గ్రామీ పురస్కారం వచ్చింది. రాక్ ఆల్బం ఒకటి ఆ గౌరవం అందుకోవడం అదే మొదలు. ప్రభావంలో ‘పెప్పర్’కు సాటి లేకపోయినా, సాహసంలో ‘రివాల్వర్’దే పైచేయి.

పింక్ ఫ్లాయిడ్

‘పెప్పర్’ తయారవుతున్న నెలల్లోనే అదే భవనంలోని మరో గదిలో పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బం ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ రికార్డయింది. 1967 ఆగస్టులో విడుదలైంది. నిర్మాత నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్‌కు ఇంజనీరుగా పనిచేసినవాడు. లండనులోని యూఫో క్లబ్బులో రంగుల దీపాల వెలుగులో అరగంట సాగే వాద్య ప్రదర్శనలకు అలవాటుపడిన బృందాన్ని ఆయన చిన్న పాటల వైపు మళ్లించాడు. అయినా ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ అనే దాదాపు పది నిమిషాల వాద్య రచన అలాగే మిగిలింది. పాటల్లో ఎక్కువ భాగం సిడ్ బారెట్ రాసినవే. వాటిలో పిల్లి, మరుగుజ్జు, పొలంలో దిష్టిబొమ్మ, సైకిలు కనిపిస్తాయి. ఆల్బం పేరు కూడా కెనెత్ గ్రాహం పిల్లల నవలలోని ఒక అధ్యాయం పేరే. అమెరికన్ బృందాలు వియత్నాం యుద్ధాన్నీ పోలీసులనూ తలుచుకుంటున్నప్పుడు ఇంగ్లీషు బృందాలు బాల్యంలోకి పోయాయి. ఆ ధోరణికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మానసిక ఆరోగ్యం దెబ్బతిన్న బారెట్ 1968 ఏప్రిల్‌లో బృందానికి దూరమయ్యాడు.

అమెరికా

టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరానికి చెందిన థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ 1966లో విడుదల చేసిన ఆల్బం, సైకడెలిక్ అనే మాటను పేరులోనే పెట్టుకున్న తొలి రాక్ ఆల్బంలలో ఒకటి. రాకీ ఎరిక్సన్ కేక లాంటి గొంతు వెనుక, టామీ హాల్ కూజా మూతికి మైకు పెట్టి నోటితో ఊదే బుడబుడ శబ్దం పాటలన్నిటా వినిపిస్తుంది. మొదటిసారి వినేవారికి అది యంత్రం చెడిందేమో అనిపిస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం ‘సర్రియలిస్టిక్ పిల్లో’ (1967 ఫిబ్రవరి) తెచ్చింది. ఇందులో గ్రేస్ స్లిక్ పాడిన ‘వైట్ రాబిట్’ స్పెయిన్ దేశపు బొలేరో తాళంలో మెల్లగా మొదలై పల్లవి అంటూ లేకుండా పైకి ఎక్కుతూ పోతుంది. అదే నగరపు గ్రేట్‌ఫుల్ డెడ్ తన బలం కచేరీల్లోనే ఉందని గ్రహించి, ‘ఆంథమ్ ఆఫ్ ద సన్’ (1968)లో వేర్వేరు కచేరీల టేపులను స్టూడియో టేపుల మీద పొరలుగా పేర్చింది. లాస్ ఏంజెలిస్ బృందం డోర్స్ తొలి ఆల్బం 1967 జనవరిలో వచ్చింది. రాబీ క్రీగర్ గిటారు, ‘ద ఎండ్’ అనే పదకొండు నిమిషాలు దాటిన పాటకు రాగాలాపన ఛాయ ఇచ్చింది.

లాస్ ఏంజెలిస్‌కే చెందిన లవ్ బృందం ఆల్బం ‘ఫరెవర్ చేంజెస్’ (1967 నవంబరు) ఈ జాబితాలో ప్రత్యేకమైనది. టేపు విద్యలు, గిటారు హోరు దాదాపు లేవు. చెక్క గిటార్లు, డేవిడ్ ఏంజెల్ కూర్చిన వయొలిన్లు, ట్రంపెట్లు ఉంటాయి. తనకు చావు దగ్గరపడిందన్న భావనతో ఆర్థర్ లీ రాసిన పాటలు తీయని బాణీల కింద భయాన్ని దాచుకుంటాయి. అమెరికాలో అమ్మకాల పట్టికలో అది 154వ స్థానం దాటి పైకి రాలేదు. విమర్శకులు మాత్రం ఇప్పుడు దాన్ని ‘పెప్పర్’ సరసన కూర్చోబెడతారు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం జాతీయ రికార్డింగుల జాబితాలో దానికి చోటిచ్చింది.

జిమి హెండ్రిక్స్

సియాటిల్‌లో పుట్టిన హెండ్రిక్స్ లండనులో పేరు తెచ్చుకున్నాడు. ‘ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్’ (1967 మే) పేరుపాటలో గిటారు, డ్రమ్స్ వెనక్కి తిరిగిన టేపు మీదే నడుస్తాయి. స్వరాన్ని ఒక స్థాయి పైకి పలికించే పరికరాన్ని రోజర్ మేయర్ ఆయనకు తయారుచేసి ఇచ్చాడు. ఇంజనీరు ఎడ్డీ క్రేమర్. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ అట్ట మీద విష్ణు విశ్వరూపం క్యాలెండరు బొమ్మలో హెండ్రిక్స్ బృందం ముఖాలు అమర్చారు. హెండ్రిక్స్‌కు అది నచ్చలేదు. తన వంశంలోని అమెరికా ఆదివాసుల ఛాయ ఉంటే బాగుండేదని అన్నాడు. 1968 అక్టోబరు నాటి రెండు రికార్డుల ఆల్బం ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ ఆయన ఉత్తమ కృతి. ఇందులో ‘1983’తో మొదలయ్యే పేరున్న దీర్ఘ రచన సముద్రగర్భంలోకి దిగిపోయే కథను దాదాపు మాటలు అక్కరలేకుండా చెబుతుంది.

ఆలస్యంగా గుర్తింపు, క్షీణత

జాంబీస్ బృందం ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ను 1967లో వెయ్యి పౌండ్ల బడ్జెట్టుతో చాలావరకు ఆబీ రోడ్‌లోనే తీసింది. డబ్బు అయిపోయాక స్టీరియో మిశ్రమానికి రాడ్ అర్జెంట్, క్రిస్ వైట్ సొంత సొమ్ము పెట్టారు. 1968 ఏప్రిల్‌లో ఆల్బం వచ్చేసరికి బృందమే విడిపోయింది. మరుసటి ఏడాది ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అమెరికాలో మూడో స్థానానికి చేరినప్పుడు వేదికెక్కి పాడడానికి బృందం లేదు. ‘పెప్పర్’ను అనుకరించిన రోలింగ్ స్టోన్స్ ‘దెయిర్ సాటనిక్ మెజెస్టీస్ రిక్వెస్ట్’ (1967 డిసెంబరు) అట్ట మీది కదిలే బొమ్మకు వచ్చిన పేరు లోపలి పాటలకు రాలేదు. ఇంగ్లీషుకు బయట చెప్పుకోదగ్గది బ్రెజిల్‌లోని ఉస్ ముతాంతిస్ తొలి ఆల్బం (1968). సైనిక పాలన కింద ఉండి కూడా అది నవ్వు మానలేదు.

1968లోనే గాలి మారింది. బాబ్ డిలన్, ద బ్యాండ్, బర్డ్స్ పల్లె పాటల వైపు మళ్లారు. తన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడం మీద రవిశంకర్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. ఆయన అన్నకొడుకు ఆనంద శంకర్ 1970లో అమెరికాలో విడుదల చేసిన ఆల్బంలో రోలింగ్ స్టోన్స్, డోర్స్ పాటలు రెండింటిని సితారు మీద వాయించాడు. అప్పటిదాకా సితారును అరువు తెచ్చుకున్న రాక్ పాటలు ఇక్కడ సితారుకే అరువు వచ్చాయి. 1972లో లెనీ కే కూర్చిన ‘నగెట్స్’ సంకలనం మరుగునపడిన చిన్న బృందాల పాటలను మళ్లీ వెలికితీసింది.

ఈ ఆల్బంలను వినేటప్పుడు ఏ మిశ్రమం (మోనోనా, స్టీరియోనా) అన్నది చూసుకోవాలి. 1967 నాటికి ఇంగ్లండులో మోనో వాడుకే ఎక్కువ. బీటిల్స్ దగ్గరుండి మోనో మిశ్రమం మీద శ్రద్ధపెట్టారు. స్టీరియో వారు లేకుండానే త్వరగా ముగిసింది. అందుకే రెండింటిలోనూ కొన్ని పాటల వేగం, శ్రుతి, ముగింపు వేరుగా ఉంటాయి. బీటిల్స్ మోనో మిశ్రమాలు 2009లో ప్రత్యేక సంపుటిగా వచ్చాయి.