చివరి పది మీటర్లు

గొలుసు పట్టినవాడికి తప్పంటే భయం. కోనసీమలో సర్వేయరుగా పనిచేసినన్నాళ్లూ గట్టు మీద అన్నదమ్ములిద్దరి మధ్య జానెడు తేడా వస్తే ఆ జానెడు అమలాపురం కోర్టు దాకా నడవడం చూశాను. అందుకే, తప్పు మీద బతికే ఆట ఒకటుందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. దాని పేరు జియోకాషింగ్. ఎవరో ఒకరు అడవిలోనో ఊళ్లోనో ఒక పెట్టె దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్టులో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెతికి, పెట్టెలో ఉన్న పుస్తకంలో పేరు రాసి, పెట్టెను మళ్లీ అక్కడే దాచి వస్తారు. మా అమ్మాయి వాళ్లు ఉండేది అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రం హిల్స్‌బరోలో. వెళ్లినప్పుడల్లా మనవరాలు నన్ను ఈ వెతుకులాటకు లాక్కుపోయేది. ఆట పుట్టింది కూడా ఆ దగ్గర్లోనే అని తెలిశాక, దాని పూర్వాపరాలు చదవకుండా ఉండలేకపోయాను.

జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మొదటిది 1978లో పైకి వెళ్లింది. 1983 సెప్టెంబరులో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని అక్కడి యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ ఘోరం తర్వాత రీగన్ ప్రభుత్వం, ఈ వ్యవస్థ తయారయ్యాక మామూలు జనం కూడా వాడుకోవచ్చని ప్రకటించింది. ఇచ్చారు గాని కల్తీ చేసి ఇచ్చారు. జనానికి వెళ్లే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవారు. దానికి ‘సెలెక్టివ్ అవైలబిలిటీ’ అని మర్యాదైన పేరు. మీరు కదలకుండా నిలబడ్డా యంత్రం మిమ్మల్ని వంద మీటర్ల దాకా అటూ ఇటూ తిప్పి చూపించేది. సర్వేవాళ్లు దానికి విరుగుడు కనిపెట్టారు. చోటు కచ్చితంగా తెలిసిన రాయి మీద ఇంకో యంత్రం పెట్టి, అది ఎంత తప్పు చెబుతోందో చూసి, ఆ మేరకు రెండోదాని లెక్క సరిచేసుకునేవారు. ఆదివారం అడవిలో నడిచే మనిషి రెండు యంత్రాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

2000 మే 1న క్లింటన్ ప్రభుత్వం ఆ అర్ధరాత్రితో కల్తీ ఆపేస్తున్నామని చెప్పింది. యంత్రం కొన్నవాడు పైసా ఖర్చు పెట్టలేదు, తెల్లారేసరికి అదే యంత్రం పది రెట్లు నిక్కచ్చిగా చెప్పడం మొదలుపెట్టింది.

మే 3న డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంటు పోర్ట్‌లాండ్‌కు దగ్గర్లో, బీవర్‌క్రీక్ అనే పల్లె పక్క అడవిలో, ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను చాలావరకు నేలలో పాతిపెట్టాడు. అందులో మ్యాపుల సాఫ్ట్‌వేరు, వీడియోలు, పుస్తకాలు, కొంత డబ్బు, ఒక పంగలకర్ర, చిక్కుడు గింజల డబ్బా ఒకటి. జీపీఎస్ మీద మక్కువ ఉన్నవాళ్లు ముచ్చటించుకునే యూజ్‌నెట్ బృందంలో చోటు వివరం రాశాడు: ఉత్తర అక్షాంశం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 122 డిగ్రీల 24.800 నిమిషాలు. దొరికినవాళ్లు ఒక వస్తువు తీసుకుని ఇంకో వస్తువు పెట్టాలి, ఆ సంగతి పుస్తకంలో రాయాలి. నియమాలు అంతవరకే. మూడు రోజుల్లో ఇద్దరు కనుక్కున్నారు. మొదట దొరకబుచ్చుకున్నవాడు మైక్ టీగ్.

ఆ అంకెలు చూసి నా పాత బుద్ధి ఊరుకోలేదు. నిమిషంలో వెయ్యోవంతు అంటే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. తూర్పు పడమరలుగా అక్కడి అక్షాంశం దగ్గర 1.3 మీటర్లు, మా అమలాపురంలో అయితే 1.78. రాత అంత సన్నంగా ఉన్నా యంత్రం చూపు అంత సన్నం కాదు. దాచినవాడి యంత్రం ఐదారు మీటర్లు తప్పు చెబుతుంది, వెతికేవాడిది ఇంకో ఐదారు మీటర్లు. రెండూ కలిసి పది మీటర్ల వలయం గీస్తాయి. ఇక దాన్ని నేల లెక్కలోకి మార్చి చూడండి. కల్తీ రోజుల్లో వంద మీటర్ల వ్యాసార్థం అంటే వెతకాల్సిన నేల ఏడు ఎకరాల డెబ్భై ఆరు సెంట్లు. పొదలూ ముళ్లూ ఉన్న ఏడెకరాల అడవిలో బకెట్ వెతకమంటే ఎవడొస్తాడు? మే 2 తర్వాత అదే వలయం ఏడు ముప్పావు సెంట్లకు కుదించుకుపోయింది. ఒక ఇల్లు కట్టుకునే స్థలం. గంట సేపు వంగి వెతకడానికి అంతకంటే అనువైన జాగా ఉండదు.

ఈ ఆట చరిత్ర రాసినవాళ్లు జీపీఎస్‌లో తప్పు పోయింది కాబట్టి ఆట పుట్టిందని రాస్తారు. నేను ఒప్పుకోను. తప్పు పూర్తిగా పోయి ఉంటే పుట్టేది కాదు. యంత్రం సరాసరి పెట్టె మూత మీదికే తీసుకుపోతే అది పోస్టుమాను పని. చివరి పది మీటర్లు యంత్రం చేతులెత్తేస్తుంది, అక్కడ మనిషి కళ్లకు పని పడుతుంది. మాకు ఇది తెలియనిదేమీ కాదు. పొలాల కొలతల పుస్తకం ఎఫ్.ఎం.బి. ప్రకారం కొలుచుకుంటూ వెళ్తే పాత సర్వే రాయి ఉండాల్సిన చోటు వస్తుంది, రాయి మాత్రం కనపడదు. గట్టు కింద కూరుకుపోయి ఉంటుంది. మా చైన్‌మన్ గునపంతో అక్కడక్కడా పొడిచి, చప్పుడును బట్టి కిందున్నది రాయో వేరో చెప్పేసేవాడు. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు.

దాచి వెతికించడం అంతకుముందూ ఉంది. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడు కొండల్లో, నడిచి వెళ్లడానికే కష్టమైన క్రాన్‌మియర్ పూల్ అనే చోట, జేమ్స్ పెరట్ అనే గైడు 1854లో ఒక సీసా ఉంచాడు. అక్కడిదాకా వచ్చినవాళ్లు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్లేవారు. పోను పోను సీసా పెట్టె అయింది, కార్డుల బదులు రబ్బరు ముద్రలొచ్చాయి. పెట్టెల ఆచూకీని దిక్సూచి కోణాల్లో చెప్పడం అక్కడ దాచేవాళ్లకు ఇష్టం: ఫలానా రాతిగుట్ట నుంచి ఇన్ని డిగ్రీలు, ఇన్ని అడుగులు. పనితనం చూసి మార్కులు వేయమంటే నేను వీళ్లకే ఎక్కువ వేస్తాను.

మళ్లీ 2000కు వద్దాం. ఎవరెవరు ఎక్కడ పెట్టెలు దాచారో మైక్ టీగ్ జాబితా ఒకటి మొదలుపెట్టాడు. మే నెలాఖరులో మ్యాట్ స్టమ్ అనే ఆయన సూచించిన పేరే ఆటకు ఖాయమైంది. సియాటిల్ దగ్గరుండే జెరెమీ ఐరిష్ సెప్టెంబరు 2న జియోకాషింగ్ డాట్ కామ్ తెరిచాడు. ఆ రోజుకు లోకంలో ఉన్న పెట్టెలు 75. ఇప్పుడు ముప్పై లక్షలు దాటాయి.

మొదటి బకెట్ మాత్రం మిగల్లేదు. గడ్డి కోసే యంత్రం కింద పడి ముక్కలైంది. చిక్కుడు గింజల డబ్బా ఒక్కటే బతికి బయటపడింది. దానికి ఒక నంబరు తగిలించి, చేతులు మారుతూ తిరిగే వస్తువుగా మార్చారు. బకెట్ ఉన్న చోట ఇప్పుడొక ఫలకం ఉంది. మా అల్లుడు అక్కడికి తీసుకెళ్లాడు. రోడ్డు పక్కనే. అడవి నడక ఉంటుందనుకుని బూట్లు బిగించుకుని వెళ్లినవాణ్ణి కాస్త చిన్నబుచ్చుకున్నాను. తమాషా ఏమిటంటే ఇవాళ అల్మర్ అదే బకెట్ దాస్తానంటే ఒప్పుకోరు: స్థలం యజమాని అనుమతి లేకుండా నేలలో పాతకూడదు, తినే వస్తువు పెట్టకూడదు.

ఇక పనిముట్లు. నాకు సగం సరదా వీటిదే. అల్లుడి గ్యారేజీలో పసుప్పచ్చ గార్మిన్ ఈట్రెక్స్ ఒకటి ఉండేది. ఈ ఆట పుట్టిన ఏడే బజారులోకి వచ్చిన యంత్రం. చేతిలో పట్టే సైజు, బ్యాటరీలతో కలిపి 150 గ్రాములు, రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే 22 గంటలు నడుస్తుందని కంపెనీ మాట. అందులో మ్యాపు లేదు. దిక్సూచి కూడా లేదు. బాణం గుర్తు చూపిస్తుంది గాని మనం నడుస్తుంటేనే. నిలబడితే దానికి దిక్కు తెలియదు. అందుకని పెట్టె దగ్గరపడ్డాక కొత్తవాళ్లు చిన్న వలయాలు తిరుగుతూ కనిపిస్తారు. తెలిసినవాళ్లు ఆ పని చేయరు. కాస్త దూరంగా పోయి ఒక వైపు నుంచి తిన్నగా నడిచి బాణం దిశ చూసుకుంటారు, మళ్లీ ఇంకో వైపు నుంచి నడుస్తారు. రెండు గీతలు కలిసిన చోట వెతుకుతారు. ఇది మేము ప్లేన్ టేబుల్ మీద చేసిన పనే, బల్ల లేదంతే.

పోర్ట్‌లాండ్‌లో ఫారెస్ట్ పార్క్ అని అయిదు వేల ఎకరాలు దాటిన అడవి ఉంది. డగ్లస్ ఫర్ చెట్లు ఆకాశాన్ని కప్పేస్తాయి. ఆ తడి ఆకుల కింద పాత యంత్రాలకు ఉపగ్రహాల మాట వినపడేది కాదు. 2006లో గార్మిన్ 60సీఎస్ఎక్స్ అనే యంత్రంలో సిర్ఫ్‌స్టార్ 3 అనే చిప్పు పెట్టాక చెట్ల కింద కూడా పట్టు దొరికింది. తర్వాత 2008లో ఐఫోన్‌లోకి జీపీఎస్ వచ్చింది. పెట్టె వివరాలు కాగితాల మీద అచ్చు తీసి జేబులో కుక్కుకునే అవస్థ దానితో తప్పింది. మనవరాలు ఫోనుతోనే తిరుగుతుంది. చలికి దాని బ్యాటరీ పడిపోయినప్పుడు మాత్రం తాతయ్య చేతిలోని పసుప్పచ్చ యంత్రం గుర్తొస్తుంది.

యంత్రం కంటే పెట్టె ముఖ్యమని నా అభిప్రాయం. ఆరెగాన్ వానలు మన ముసురు లాంటివి, నెలల తరబడి వదలవు. అక్కడ పేరున్న పెట్టె సైన్యం అమ్మేసిన తూటాల పెట్టె. ఉక్కు ఒళ్లు, మూత చుట్టూ రబ్బరు పట్టీ, బిగిస్తే చుక్క నీరు పోదు. నాలుగు వైపులా కొక్కేలున్న కొరియా ప్లాస్టిక్ డబ్బాలు ఆ తర్వాతి మెట్టు. ఫిలిం రీళ్లు వచ్చే బుల్లి డబ్బాలు ఒకప్పుడు ఫోటో స్టూడియోలో ఊరికే ఇచ్చేవారు, డిజిటల్ కెమెరాలు వచ్చాక అవే కొనుక్కోవాల్సి వచ్చింది. అన్నిటికంటే చిన్నది వేలి కొనంత లోహపు గొట్టం, అడుగున అయస్కాంతం. ఇనుప రెయిలింగుకు అంటిస్తే మరమేకులా కలిసిపోతుంది. అందులో చుట్టిన కాగితం బయటికి లాగడానికి పట్టకారు కావాలి.

కాగితం సంగతి చెప్పకుండా వదలను. ఆ వాయవ్య అమెరికాలో కలప కొట్టేవాళ్లు వానలో లెక్కలు రాసుకోలేక ఇబ్బంది పడితే, నీటికి నానని కాగితం తయారుచేశారు. ‘రైట్ ఇన్ ద రెయిన్’ పేరుతో 1916 నుంచి అమ్ముతున్నారు. ఈ పెట్టెల్లో అలాంటి పుస్తకాలు కనిపిస్తాయి. ఆగస్టులో గోదావరి వరద చేలల్లో తిరిగి, తడిసిన ఫీల్డు పుస్తకాన్ని పొయ్యి పక్కన ఆరబెట్టుకున్నవాణ్ణి. ఆ కాగితం వేళ్లతో తడిమి చూసి కాస్త కుళ్లుకున్నాను. దాని మీద పెన్సిలుతోనో బాల్‌పెన్నుతోనో రాయాలి, నీటి సిరా నిలవదు.

ఇంకో నియమం నాకు బాగా నచ్చింది. రెండు పెట్టెల మధ్య కనీసం మైలులో పదో వంతు దూరం ఉండాలి. అంటే 528 అడుగులు. మన గొలుసు 66 అడుగులు కాబట్టి సరిగ్గా ఎనిమిది గొలుసులు. ఆ నియమం రాసినవాళ్లకు గంటర్ గొలుసు సంగతి తట్టి ఉండదు, మైలునే ఎనభై గొలుసులుగా కట్టిన పాతవాళ్ల చలవ అది.

తూటాల పెట్టె చెట్టు మొదట్లో కనిపిస్తే తెలియనివాళ్లు భయపడతారు, తప్పు పట్టలేం. అందుకే పెట్టె మీద ఇది ఫలానా అని రాయమంటారు. అయినా 2011 జూలైలో ఇంగ్లండులోని వెదర్బీ పట్టణంలో ఒక ప్లాస్టిక్ డబ్బాను బాంబనుకుని సైన్యాన్ని పిలిచి పేల్చేశారు. మన బస్టాండుల్లో గుర్తు తెలియని సంచీ ముట్టుకోవద్దని మైకులో చెప్పడం వింటూ పెరిగినవాళ్లం, ఈ ఆట మన దగ్గర ఎందుకు పెద్దగా పాకలేదో వేరే చెప్పక్కర్లేదు. మ్యాపుల విషయంలోనూ మన సర్కారు చాలా కాలం గుప్పిట మూసే ఉంచింది, 2021 ఫిబ్రవరిలో గాని ఆ నిబంధనలు సడలించలేదు. ఇప్పుడు రీసర్వేకు వచ్చే కుర్ర సర్వేయర్లు రోవర్ అనే జీపీఎస్ కర్ర నిలబెట్టి క్షణాల్లో రెండు మూడు సెంటీమీటర్ల లోపు చోటు చెప్పేస్తున్నారు. గట్టు తగవులకు అది దివ్యమైన మందు. పెట్టె వెతకడానికి మాత్రం వాళ్లను పిలవను.

మా ఊళ్లో ఒకటి దాచుదాం తాతయ్యా అని మనవరాలు పట్టుపట్టింది. కోనసీమలో కొబ్బరితోట ఎంత దట్టంగా ఉన్నా మనిషి కన్ను పడని చోటు లేదు. దింపు తీసేవాడు పైనుంచి చూస్తుంటాడు. దాచాలంటే ముందు తోట యజమానిని అడగాలి, తర్వాత స్టేషనులో ఒక మాట చెప్పాలి, వీఆర్వోకు ఇంకో మాట. అన్నిటికంటే ముందు మా పాత చైన్‌మన్‌కు చెప్పాలి. అతనికి చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది కాబట్టి మిగతా ముగ్గురికీ వేరే కబురు పెట్టే పని ఉండదు.