గాజుతొట్టెలో పగడాల సముద్రం



పగడపు దిబ్బలు అనగానే మనకు లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులు, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ గుర్తుకు వస్తాయి. ఖరగ్‌పూర్ గుర్తుకు రాదు. అది ఎర్రమట్టి నేల మీద రైలు పట్టాల చుట్టూ పెరిగిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ కంపెనీ ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు నిర్మించాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం వచ్చి స్థిరపడ్డాయి. అలాంటి ఊళ్లో, రైల్వే క్వార్టర్‌లోని ఒక గదిలో, ఒక విద్యార్థి ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడపు దిబ్బను పోలిన చిన్న లోకాన్ని నిలపగలడా? నిలపగలడు. అయితే ఈ విద్యను మనిషి ఎలా నేర్చుకున్నాడో ముందుగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ చరిత్రలో ఎదురైన చిక్కులే మొదటిసారి తొట్టె పెట్టేవారికి ఈనాటికీ అదే వరుసలో ఎదురవుతాయి.

దగ్గరి సముద్రం చాలదా?

ఖరగ్‌పూర్ నుంచి కొన్ని గంటలు ప్రయాణిస్తే దిఘా సముద్రతీరం వస్తుంది. అక్కడ జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి సముద్ర అక్వేరియం కూడా ఉంది. మరి నాలుగు డబ్బాల నీళ్లు అక్కడి నుంచి తెచ్చుకుంటే సరిపోదా? సరిపోదు. గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చే మంచినీటి వల్ల బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఉప్పదనం తక్కువ. వర్షాకాలంలో అది ఇంకా తగ్గుతుంది. పైగా ఆ నీటిలో ఒండ్రు ఎక్కువ. దిబ్బలు కట్టే పగడాల శరీరంలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి ఎండ సాయంతో తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. మసకనీటిలో వెలుగు లోపలికి చేరదు. అందువల్లనే బెంగాల్ తీరంలో పగడపు దిబ్బలు ఏర్పడలేదు. సముద్రాలన్నీ ఒకటి కావు. ఇది మన మొదటి పాఠం.

గాలి నేర్పిన పాఠం

1846లో ఆనా థిన్ అనే ఇంగ్లండు మహిళ టోర్కీ తీరంలో కొన్ని చిన్న పగడాలను సేకరించి లండన్‌లోని తన ఇంటికి తెచ్చింది. ప్రతిసారీ కొత్త సముద్రపు నీరు తెప్పించడం కష్టమైంది. అందుకని తెరిచిన కిటికీ దగ్గర నీటిని ఒక పాత్రలో నుంచి మరో పాత్రలోకి ఎత్తి పోయించేది. ఈ పని రోజూ అరగంటకు పైగా సాగేది. అలా పోసినప్పుడు గాలిలోని ఆక్సిజన్ నీటిలో కరుగుతుంది. మరుసటి సంవత్సరం ఆమె సముద్రపు నాచును కూడా చేర్చింది. ఆ పగడాలు సుమారు మూడేళ్లు బతికాయి. నేడు ఆ పనిని మోటారు పంపు చేస్తుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు దగ్గర ఉండాలన్న నియమం ఆ కిటికీ దగ్గర పుట్టిందే.

ఉప్పు లెక్క

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల తెరిచారు. దానితో సంబంధమున్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి ఏడాది వెలువరించిన పుస్తకంతో ‘అక్వేరియం’ అన్న మాట జనంలో వ్యాపించింది. నాలుగు లవణాలు కలిపి ఇంట్లోనే సముద్రపు నీరు తయారుచేసే పద్ధతిని కూడా ఆయన ప్రకటించాడు. తరువాత 1872 - 76 మధ్య చాలెంజర్ నౌక ప్రపంచ సముద్రాలను చుట్టి వచ్చింది. ఆ యాత్రలో సేకరించిన 77 నీటి నమూనాలను విలియం డిట్మార్ పరీక్షించి, 1884లో ఒక ముఖ్యమైన సంగతిని వెల్లడించాడు. మొత్తం ఉప్పు ఎక్కువైనా తక్కువైనా, అందులోని ప్రధాన లవణాల పరస్పర నిష్పత్తి మాత్రం దాదాపు మారదు. నేడు ప్యాకెట్లలో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమానికి ఆధారం ఇదే.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. కాబట్టి 200 లీటర్ల తొట్టెకు సుమారు 7 కిలోల మిశ్రమం కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం తగినంత ఉండవు. పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేటుతో కట్టుకుంటుంది. క్లోరిన్ కలిసిన కొళాయి నీటికి బదులు శుద్ధిచేసిన నీటిలోనే ఉప్పు కలపాలి. మరొక సంగతి గమనించండి. నీరు ఆవిరవుతుంది కాని ఉప్పు ఆవిరి కాదు. అందువల్ల తగ్గిన నీటిని ఉప్పునీటితో కాక మంచినీటితోనే నింపాలి.

రైలెక్కిన సముద్రం

1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర పెద్ద అక్వేరియం వెలిసింది. దానికి కావలసిన సముద్రపు నీటిని బ్రైటన్ తీరం నుంచి రైల్లో తెచ్చారు. రైలు ఊరివారికి ఈ సంగతి ఆసక్తికరమే. అయితే అంతకన్నా విలువైనది విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ చేసిన ఏర్పాటు. ప్రదర్శన తొట్టెలకు అడుగున, చీకటిలో, పెద్ద జలాశయం కట్టించి, ఆవిరి యంత్రాలతో నీటిని ఎడతెగకుండా తిప్పించాడు. నీరు ఎంత ఎక్కువైతే మార్పు అంత నెమ్మదిగా వస్తుందన్నది ఆయన సూత్రం. చిన్న తొట్టె సులభమని కొత్తవారు అనుకుంటారు. నిజానికి 30 లీటర్ల తొట్టెలో ఒక చేప చనిపోతే నీరంతా చెడిపోవచ్చు. 200 లీటర్లలో సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది. మన దేశంలో 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్ర అక్వేరియం ఏర్పడింది. మన కోస్తా జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

కంటికి కనపడని పనివారు

గాలి, ఉప్పు, నీటి ప్రవాహం అన్నీ ఉన్నా చేపలు ఎందుకు చనిపోతున్నాయి? జవాబు మట్టిని పరిశోధించినవారి నుంచి వచ్చింది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చేది సూక్ష్మజీవులని 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ నిరూపించారు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ బ్యాక్టీరియాను వేరుచేసి చూపాడు. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ప్రపంచానికి తెలిపాడు. ప్రాణులు నిండిన సముద్రపు రాళ్లు, కాస్త గాలి, ఎండ, ఇవే ఆయన సామగ్రి. నీటిని శుద్ధిచేసే బ్యాక్టీరియాకు ఆ రాళ్ల రంధ్రాలే నివాసం.

కనుక కొత్త తొట్టెలో మొదటి రోజున చేపలు వేయరాదు. రంధ్రాలున్న రాయి అమర్చి, నీటి ఉష్ణోగ్రతను 25 - 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, కొద్దిగా అమ్మోనియా అందించి, నాలుగు నుంచి ఆరు వారాలు వేచి ఉండాలి. పరీక్ష కిట్టుతో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకనే ఒక చేపను వదలాలి. తరువాత వారానికి పదవ వంతు నీరు మార్చాలి. ఆ వారాల్లో తొట్టె ఖాళీగా కనిపిస్తుంది. అసలు పని అప్పుడే జరుగుతోంది.

తీరం చెప్పిన హెచ్చరిక

గాస్ పుస్తకాలు చదివిన వేలాది మంది ఇంగ్లండు తీరాల మీద పడి రాళ్ల మడుగుల్లోని ప్రాణులను ఊడ్చుకుపోయారు. వాటిలో చాలా భాగం ఇళ్లలో చచ్చిపోయాయి. తన తండ్రి ప్రేమించిన ఆ తీరం బోసిపోవడాన్ని గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో వెలువడిన తన పుస్తకంలో బాధతో చెప్పుకున్నాడు.

మన దేశం ఆ దారి పట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షించే జీవుల జాబితాలో 2001లో రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు చేరాయి. మన సముద్రం నుంచి పగడాన్ని తీయడం, అమ్మడం, కొనడం నేరం. కాబట్టి మొదటి తొట్టెలో పగడం ఉండి తీరాలన్న పట్టు వద్దు. ఎండు రాయి లేదా పింగాణీ రాయి, పెంపకంలో పుట్టిన జోకరు చేపల జంట చాలు. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ చేపలను పెంపకంలోనే పుట్టించే పద్ధతులను రూపొందించారు. చట్టబద్ధమైన పత్రాలు చూపలేని వ్యాపారి దగ్గర ఏ సముద్ర ప్రాణినీ కొనకండి.

ఖరగ్‌పూర్ వేసవిలో తొట్టె నీరు 30 డిగ్రీలు దాటకుండా ఆపడానికి మీరు ఫ్యాను పెట్టాలి, కొలవాలి, మళ్లీ కొలవాలి. అప్పుడు ఒకటి రెండు డిగ్రీలంటే ఎంతో మీకు అర్థమవుతుంది. సముద్రం మామూలుకన్నా అంతమాత్రం వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడాలు తమలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడతాయి. 1998లో, 2016లో మన దిబ్బల మీద అదే జరిగింది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు నాలుగవ ప్రపంచవ్యాప్త తెల్లబాటును ప్రకటించారు. సముద్రానికి ఫ్యాను పెట్టలేం. గాజుతొట్టె ముందు కూర్చున్న విద్యార్థి నేర్చుకోవలసినది చేపలను పెంచడం ఒక్కటే కాదు. నీటిని కాపాడితే ప్రాణం తనంత తానే నిలుస్తుందని ఈ చరిత్ర చెబుతోంది. తొట్టెకైనా, సముద్రానికైనా ఈ మాట వర్తిస్తుంది.