వాన లెక్క, చెరువు లెక్క

హైటెక్ సిటీలో సాయంకాలము 4 గంటలకు ఎండ కాయుచుండును. 5 గంటలకు కుండపోతగా వాన కురిసి, సైబర్ టవర్సు కూడలిలో వాహనములు కదలక నిలిచిపోవును. ఈ ఊరి ఋతువులే మారిపోయినవని అప్పుడు అందరును అందురు. భూగోళము చదువు విద్యార్థులను ఇచ్చట ఒక్క క్షణము ఆగుడని మేము కోరుచున్నాము. ఆ గంటసేపటి వాన వాతావరణము. అట్టి వానలను, ఎండలను, గాలులను కనీసము 30 ఏండ్లపాటు వ్రాసి ఉంచి సరాసరి తీసినచో తేలునది శీతోష్ణస్థితి. మొదటిది కిటికీలోనుండి కనబడును; రెండవది లెక్కల పుస్తకములోనే కనబడును.

నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటునప్పుడు తమ నీటిలో హెచ్చుభాగమును అచ్చటనే విడిచివచ్చును. అందుచేత సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తుననున్న హైదరాబాదునకు ఏడాది మొత్తము మీద దక్కు వర్షము 800 మిల్లీమీటర్లకు అటునిటు. అయితే వానకాలపు చివరి దినములలో బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి పడమరకు సాగివచ్చినచో ఈ పొదుపు లెక్క తలక్రిందులగును.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది నగరమును ముంచెత్తినది అట్టి వానచేతనే. నేడు విమానాశ్రయమున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు కురిసెను. అనగా సుమారు 480 మిల్లీమీటర్లు; ఏడాది వానలో సగమునకు పైగా రెండు దినములలో పడినదన్నమాట. మృతుల సంఖ్య సుమారు 15,000 అని చెప్పుదురు. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది, చూడనివారు చూడవలెను.

మరుసటి ఏట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆకాశమును నిందించి ఊరకుండలేదు. నదికి నీరు చేరు పరీవాహక ప్రాంతమంతటి లెక్క తీసిరి. అందులో 788 చెరువులుండగా 221 చెరువుల కట్టలు తెగినట్లు తేలెను. ఎగువ చెరువు తెగి దిగువ చెరువు మీద పడగా, అదియు తెగి నదిలో పడెను. వాన తెచ్చిన ఆపదను తెగిన కట్టలు పెంచినవి. ఇట్టి వాన మరల రాగలదని ఎంచియే ఆయన నగరమునకు ఎగువన జలాశయములు కట్టుడని సలహా ఇచ్చిరి. ఆ దూరదృష్టియే ఆయన నివేదికలో అన్నింటికంటె విలువైనదని మా అభిప్రాయము. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను.

ఆయన ఎంచినట్లే వాన మరల వచ్చెను. సైబర్ టవర్సు తెరచి రెండేండ్లు నిండకమునుపే, 2000 ఆగస్టు 24న, బేగంపేటలో 241.5 మిల్లీమీటర్లు నమోదయ్యెను. 2020 అక్టోబరు 13న కాకినాడ వద్ద తీరము దాటిన వాయుగుండము తెలంగాణ మీదుగా సాగి నగరమును ముంచెను. ఆ రాత్రి పల్లెచెరువు కట్ట, కొలది దినములకు బాలాపూరు గుఱ్ఱంచెరువు కట్ట తెగెను. 112 ఏండ్ల తరువాతను అదే కథ!

ఇంతకు మారినది వానయా, నేలయా? గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. కాబట్టి పెద్దవానలు ఇంకను పెద్దవగుననుటకు కారణమున్నది. ఒక్క వానను చూపి మాత్రము దానిని రుజువు చేయలేము. నేల సంగతి అట్లు కాదు, అది కంటికే కనబడుచున్నది. మాదాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు రాళ్లగుట్టలు, వాని నడుమ పల్లములు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు నీరిచ్చిన దుర్గంచెరువు ఆ గుట్టల మధ్యనిదే. గుట్టల నడుమ మట్టి ఇంకించుకొన్న నీటిని సిమెంటు ఇంకించుకొనదు. వాలు ఎటున్నదో అటు పంపును.

ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా వేసి చూడవచ్చును. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు నీరు. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు. 2000 ఆగస్టు నాటి వాన ఒక్క ఎకరముపై పోసినది 9 లక్షల 77 వేల లీటర్లు. ఇక మీ బడి ఆవరణ ఎన్ని ఎకరములో, అచ్చటి వాననీరు ఏ చెరువునకు పోవలెనో, నేడు ఎచ్చటికి పోవుచున్నదో నడిచి కనుగొనుడు.