ఓటరు జాబితాలో మతము

అభ్యర్థి మతమును చూచి ఓటు వేయవచ్చునా అను ప్రశ్నను నేడు మనము ఓటరు మనస్సాక్షికి విడిచిపెట్టుచున్నాము. మన తాతల కాలమున పలువురకు ఆ స్వేచ్ఛయే లేకుండెను. వారు ఏ మతమువానికి ఓటు వేయవలెనో చట్టమే ముందుగా నిర్ణయించి యుండెను. చెన్నపట్టణమునందును, బళ్ళారియందును, గంజామునందును నివసించిన తెలుగువారందరును ఆనాడు మద్రాసు రాజధాని క్రిందివారే. 1936లో గంజాము ఒరిస్సాకును, 1953లో బళ్ళారి మైసూరుకును పోయినవి. కావున ఈ చరిత్ర ఈ సంపుటమును చదువువారిలో పెక్కుమందికి ఇంటి చరిత్రయే. యానాము మాత్రము ఫ్రెంచివారి పాలనలో నుండుటచే దాని కథ వేఱు.

1906 అక్టోబరు 1వ తేదీన ఆగాఖాను నాయకత్వమున ముస్లిము ప్రముఖులు సిమ్లాలో వైస్రాయి మింటో ప్రభువును దర్శించి, తమ ప్రతినిధులను తామే ఎన్నుకొనుటకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనని కోరిరి. 1909 నాటి సంస్కరణములు ఆ కోర్కెను మన్నించెను. 1916లో లక్నో నగరమున కాంగ్రెసును, ముస్లిము లీగును చేసికొనిన ఒడంబడిక ఆ పద్ధతిని అంగీకరించి, మద్రాసు శాసనసభలో ముస్లిములకు నూటికి 15 స్థానములను ఒప్పుకొనెను. కాబట్టి నెపమంతయు ఆంగ్లేయులపై వేయుట న్యాయము కాదు. విచిత్రమేమనగా, 1918 నాటి మాంటేగు-చెమ్సుఫర్డు నివేదిక ఈ పద్ధతి స్వపరిపాలనకు అడ్డంకి యని స్పష్టముగా చెప్పియు, దానినే నిలిపి యుంచెను.

1920లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడు ముస్లిములకు 13, దేశీయ క్రైస్తవులకు 5 స్థానములు ప్రత్యేక నియోజకవర్గములుగా నేర్పడెను. బ్రాహ్మణేతరులకు 28 స్థానములను ప్రత్యేకించిరి. ఈ రెండును ఒకటే యని తలచువారు కలరు. అది సరికాదు. బ్రాహ్మణేతరుల స్థానములలో అభ్యర్థి ఎవరై యుండవలెనో నియమము కలదు గాని, ఓటు వేయువారు అందరును కలిసియే వేసిరి. అట్టి అభ్యర్థి అన్ని వీధులకును పోయి అడుగక తప్పదు. ముస్లిము, క్రైస్తవ స్థానములలో అట్లు గాదు. అభ్యర్థియు ఓటరును ఒకే మతమువారు. తక్కినవారి జాబితా వేఱు, పెట్టె వేఱు. అన్నట్లు, బ్రాహ్మణేతరులు ఆ 28 స్థానములకు మించియే గెలుపొందిరి. రక్షణ అవసరమే లేకపోయెను.

1932 ఆగస్టులో ప్రకటింపబడిన మతవర్గ నిర్ణయమును అనుసరించి, 1935 నాటి చట్టము ఈ విభజనను ఇంకను పెంచెను. మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో సామాన్య స్థానములు 146. అందు 30 స్థానములు పూనా ఒడంబడిక మేరకు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినవి. ముస్లిములకు 28, దేశీయ క్రైస్తవులకు 8, ఐరోపీయులకు 3, ఆంగ్లో ఇండియనులకు 2. స్త్రీల 8 స్థానములను సైతము మతమును బట్టి పంచిరి: సామాన్యము 6, ముస్లిము 1, క్రైస్తవము 1. జమీందారులకు, వర్తకులకు, కార్మికులకు వేఱుగా గలవు.

కర్నూలులో గోడకు గోడ ఆనుకొని యున్న రెండిండ్లను ఊహించుకొనుడు. ఇరువురును ఒకే అంగడిలో బియ్యము కొనువారు, ఒకే బావి నీరు త్రాగువారు. ఎన్నికల దినమున మాత్రము వీరి అభ్యర్థి వారి గడప త్రొక్కడు. వారి అభ్యర్థికి వీరితో పని లేదు. బియ్యము ధరను గూర్చి మాట్లాడినచో ఓటు పెరుగదు. తన మతమునకు తనకంటె గొప్ప రక్షకుడు లేడని చెప్పినచో పెరుగును. మెత్తగా మాటలాడువాడు ఓడిపోవుట ఇట్టి పద్ధతిలో సహజము. 1945 డిసెంబరులో కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలో ముస్లిము స్థానములు 30కి 30 లీగుకే దక్కినవి. ఆ తరువాతి కథ అందరెఱిగినదే.

రాజ్యాంగ సభలో ఈ పద్ధతిని కొనసాగింపవలెనని పట్టుపట్టినవారిలో మద్రాసు రాజధాని సభ్యులే ముఖ్యులు. 1947 ఆగస్టు 27న పోకర్ సాహెబు ఆ సవరణను ప్రతిపాదించెను. ముహమ్మదు ఇస్మాయిల్ సాహెబు 1949లోను ఆ వాదమును విడువలేదు. వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. అందరును కలిసి ఓటు వేసినచో, అల్పసంఖ్యాకుల ప్రతినిధి యెవరో అధికసంఖ్యాకులే తేల్చెదరు గదా యని వారి ప్రశ్న. సర్దారు పటేలు దానిని తీవ్రముగా నిరాకరించెను. కాని నా దృష్టిలో అంతకంటె బరువైన సమాధానము అల్పసంఖ్యాకుల నుండియే వచ్చెను. 1949 మే నెలలో మతపరమైన ప్రత్యేక స్థానములు సైతము వలదని ప్రతిపాదించిన హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడు. సమర్థించిన బేగం ఐజాజ్ రసూల్ ముస్లిము లీగునుండి వచ్చిన సభ్యురాలు. మద్రాసునుండి వెళ్ళిన ఫాదర్ జెరోం డిసూజా కూడ దానినే బలపఱచెను. ఆ విధముగా 325వ అధికరణము పుట్టెను: ఒక నియోజకవర్గమునకు ఒకే జాబితా; మతము కారణముగా ఎవ్వరి పేరును తొలగింపరాదు, ఎవ్వరును ప్రత్యేక జాబితా కోరరాదు.

జాబితా ఒకటైనంత మాత్రమున మనసులు ఒకటి కావు. అందుచే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము, కుల మతముల పేర పనిగట్టుకొని ఓట్లు అడుగుటను అక్రమముగా నెంచెను. 1961 సవరణ ‘పనిగట్టుకొని’ అను షరతును తీసివేసి, కులమతముల సరసన భాషను కూడ చేర్చెను. ఒక్కసారి అడిగినను ఎన్నిక రద్దు కావచ్చును. ‘అతని మతము’ అనగా అభ్యర్థి మతమేనా, ఓటరుదియు నా యను చర్చ చిరకాలము సాగెను. 2017 జనవరి 2న సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నలుగురు ఒకవైపు ముగ్గురు మఱొకవైపు నుండగా, ఇరువురిదియు నని తేల్చెను. తరతరములుగా అన్యాయమునకు లోనైనవారి బాధను ఎన్నికలలో మాటాడుటయే నేరమగునని భిన్నాభిప్రాయము వ్రాసిన జస్టిస్ చంద్రచూడ్ శంకించెను. ఆ శంక అకారణము కాదు. అయితే ఈ నిషేధమంతయు అడుగువానికే. రహస్యముగా ఓటు వేయువానిని ఏ చట్టమును ప్రశ్నింపదు.

భాష అను మాట ఆ చట్టమున చేరుట మనవంటి వారికి ముఖ్యము. హోసూరులోనో, బెంగుళూరులోనో ఒక అభ్యర్థి మన సంఘమునకు వచ్చి, ‘నేను తెలుగువాడను గనుక నాకే వేయుడు’ అనినచో అది మతము పేర అడిగిన దానితో సమానమైన తప్పు. మన పిల్లలకు తెలుగు పంతులు కావలెనని అడుగుట మాత్రము వేఱు. 1962లో అప్పటి పంజాబులోని ఝజ్జరు నుండి గెలిచిన జగదేవ్ సింగ్ సిద్ధాంతి ఎన్నికను హిందీ ఉద్యమము కారణముగా హైకోర్టు రద్దు చేసెను. 1964లో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేయుచు, భాషను కాపాడుకొను హక్కులో దాని కొఱకు ఉద్యమించు హక్కు కూడ చేరియున్నదని చెప్పెను.