పెట్టె నోరు విప్పిన వైనం

పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జుమ్మేరాత్ బజార్ పరుచుకుంటుంది. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ మీద కట్టించిన వంతెన చెంత ఇది పాత సామాన్ల సంత. ఫ్యాను కొనేవాడు రెక్క తిప్పి చూస్తాడు. బీరువా కొనేవాడు తట్టి చూస్తాడు. పాత ల్యాప్‌టాప్‌ను మాత్రం తట్టి లాభం లేదు. పైన స్టిక్కర్ ‘ఐ7’ అంటుంది, కానీ లోపల ఏ ప్రాసెసర్ ఉందో స్టిక్కర్‌కు తెలియదు. అడగాల్సింది యంత్రాన్నే.

అయితే అడిగితే బదులిచ్చే గుణం కంప్యూటర్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. ఎవరో కూర్చుని, ఒక్కో ఏర్పాటూ చేసి, దానికి ఆ నోరు ఇచ్చారు. ఆ నోరు లేని రోజుల కంప్యూటర్లు హైదరాబాద్‌లోనే తయారయ్యాయి.

పాతబస్తీకి ఈశాన్యంగా, నగరం అంచున 1967 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వెలిసింది. దాని సారథి అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవాడు. ఏఎస్‌రావు నగర్ అని మనం రోజూ పలికే పేరు ఆయనదే. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్ 1969లో ఈసీఐఎల్ నుంచే బయటికొచ్చింది. అది 12 బిట్ల యంత్రం, జ్ఞాపకశక్తి అంతా ఫెరైట్ కోర్ అనే చిన్న అయస్కాంత వలయాల్లో. ఆ వెనుక టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి.

ఆ తరం యంత్రంలో ఏమేం ఉన్నాయో తెలిసింది దాన్ని కట్టినవాళ్లకూ, వాళ్లు రాసిపెట్టిన మాన్యువల్‌కూ. ప్రోగ్రాము తనంతట తాను తెలుసుకోవాలంటే దారి ఒక్కటే: మెమరీలో ఒక చోట ఏదో అంకె రాయడం, మళ్లీ చదవడం. రాసిందే తిరిగొస్తే అక్కడ మెమరీ ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. ఎంత మొరటుగా కనిపించినా ఇది చాలా నిజాయితీగల పరీక్ష. ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దాని మదర్‌బోర్డు మీద బుల్లి స్విచ్చులు ఉండేవి. ఫ్లాపీ డ్రైవులు ఎన్ని, డిస్‌ప్లే ఏ రకం అన్నది మనిషి ఆ స్విచ్చులతోనే చెప్పాలి. ప్రోగ్రాము అడిగితే, బోర్డు మీదే ఉండే బయాస్ అనే మూల ప్రోగ్రాము ఆ సంగతినే 16 బిట్లలో సర్ది అప్పగించేది. అంటే యంత్రం మాట్లాడుతున్నట్టే ఉన్నా, పలుకు మాత్రం మనిషిదే. స్విచ్చు తప్పుగా నొక్కితే సమాధానమూ తప్పే. కొత్త కార్డు పెట్టినప్పుడల్లా జంపర్లు మార్చి మార్చి, సౌండ్ కార్డుకూ నెట్‌వర్క్ కార్డుకూ తగవు తీర్చిన మెకానిక్‌ల ఓర్పుకు దండం పెట్టాలి.

మలుపు 1992లో, కార్డులు తగిలించే పీసీఐ అనే ప్రమాణంతో వచ్చింది. ప్రతి కార్డులోనూ 256 బైట్ల చోటు కేటాయించి, మొదటి రెండు బైట్లలో తయారీదారు సంఖ్య ఉండాలని నియమం పెట్టారు. ఇంటెల్ తీసుకున్న సంఖ్య 8086, తన పేరు నిలబెట్టిన 1978 నాటి ప్రాసెసర్ గుర్తుగా. మరుసటి ఏడాది పెంటియంతో సీపీయూఐడీ అనే ఆదేశం అందరికీ పరిచయమైంది. అడిగితే ప్రాసెసర్ పన్నెండు అక్షరాల్లో ‘జెన్యూన్‌ఇంటెల్’ అంటుంది. ఏఎండీది అయితే ‘ఆథెంటిక్‌ఏఎండీ’, అవీ పన్నెండే. విండోస్ 95లో డివైస్ మేనేజర్ తెరిచి మనం చూసిన జాబితా వెనుక ఉన్నవి ఇలాంటి ఏర్పాట్లే.

నోరు వచ్చాక అతిగా మాట్లాడే ప్రమాదమూ వచ్చింది. 1999లో పెంటియం 3 ప్రతి చిప్‌కూ ఒక విడి సీరియల్ నంబరు ఇచ్చి, ప్రోగ్రాములు దాన్ని చదివే వీలు పెట్టింది. కంప్యూటర్ వాడే మనిషిని వెంటాడటానికి అది పనికొస్తుందని హక్కుల సంఘాలు అభ్యంతరపెట్టాయి. పెంటియం 4లో ఆ నంబరు లేదు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. యంత్రం తన సంగతి చెప్పాలి గానీ, యజమాని సంగతి కాదు.

ఇక సంతకొద్దాం. విండోస్ చూపించే ప్రాసెసర్ పేరును రిజిస్ట్రీలో మార్చి మోసం చేసేవాళ్లు ఉన్నారు. అందుకే సొంత పెన్‌డ్రైవ్‌లో లినక్స్ తీసుకెళ్లి, దాంతో ల్యాప్‌టాప్ తెరవడం మేలు. అందులో ‘ఎల్ఎస్‌సీపీయూ’ అనే ఆదేశం ప్రాసెసర్ తన గురించి చెప్పినదాన్నే చూపిస్తుంది. ‘ఎల్ఎస్‌పీసీఐ’ కార్డులను వరుసగా పలకరిస్తుంది. ‘డీఎంఐడీకోడ్’ మదర్‌బోర్డు తయారీదారు రాసిపెట్టిన పట్టికను చదువుతుంది. చవక బోర్డుల్లో ఆ పట్టికలో ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనే మాటే అలాగే ఉండిపోతుంది. నింపాల్సినవాడు నింపలేదన్నమాట. హార్డ్‌డిస్క్‌లోని స్మార్ట్ రికార్డు అది ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది. బ్యాటరీ, తాను పుట్టినప్పుడు ఎంత సత్తువతో ఉందో, ఇప్పుడు ఎంత మిగిలిందో రెండు సంఖ్యల్లో చెబుతుంది. నా దృష్టిలో కొనేవాడికి డిస్క్, బ్యాటరీ చెప్పే ఈ సంగతులే అన్నిటికన్నా ముఖ్యం. ప్రాసెసర్ అరగదు, ఇవి అరుగుతాయి.

పెన్‌డ్రైవ్‌ల దగ్గర మాత్రం ఈ అడగడాలన్నీ ఓడిపోతాయి. కంట్రోలర్ చిప్‌నే మార్చి, 8 జీబీ సరుకుతో 64 జీబీ అని చెప్పించేస్తారు. యంత్రమే అబద్ధమాడుతుంటే ఏ ఆదేశం పనిచేస్తుంది? అప్పుడు టీడీసీ కాలపు పద్ధతే గతి. చివరి బైటు దాకా నింపి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందో లేదో పోల్చాలి. ‘ఎఫ్3’ అనే ఉచిత ప్రోగ్రాము చేసేది సరిగ్గా ఆ పనే. పెద్ద డ్రైవ్‌కు ఇది చాలాసేపు పడుతుంది, సంతలో అంత తీరిక దొరకదు. కాబట్టి డబ్బు చేతిలో పెట్టకముందే, తేడా వస్తే వచ్చే గురువారం వాపసు తీసుకుంటానని అమ్మేవాడి చేత మాట ఇప్పించుకోవాలి.