మెదక్ గుడిలో ఎవరి పండగ?

జీడిమెట్ల మీదుగా పోయే నర్సాపూర్ రోడ్డు గండిమైసమ్మ దాటి మెదక్ చేరుతుంది. ఆషాఢంలో ఈ దారిన బోనాలెత్తుకుని పోయే ఆడవాళ్లను చూస్తాను. క్రిస్మస్ ముందురోజు సద్దిమూటలతో, చంటిపిల్లలతో మెదక్ బస్సు కోసం నిలబడినవాళ్లనూ చూస్తాను. రెండుచోట్లా కనిపించే ముఖాలు లేకపోలేదు. మిషనరీ చరిత్రలు చదువుతున్నప్పుడు నాకు ఈ ముఖాలే అడ్డొస్తుంటాయి.

ఆ చరిత్రల్లో కథంతా ఛార్లెస్ వాకర్ పాస్నెట్‌ది. 1895లో సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య కొంతకాలం పనిచేసి, మెదక్ చేరిన వెస్లియన్ మిషనరీ. 1914లో మొదలైన చర్చి కట్టడం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో పనిచేసినవాళ్లకు కూడుపెట్టి కట్టించాడని ఈనాటికీ చెప్పుకుంటారు. సరే, దొర పేరు నిలిచింది. సున్నం తట్ట మోసినామె పేరు? తెలంగాణలో ఆడకూలీ చెయ్యి పడకుండా ఏ గోడ లేచింది గనక!

మిషన్ స్త్రీల మధ్య కూడా ఇదే తేడా. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి నడిపింది. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. అర్హురాలే. కానీ మగ మిషనరీ అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి చదువు చెప్పి, పాటలు నేర్పి, పురుళ్ల దగ్గర, చావుల దగ్గర కూర్చున్నది తెలుగు ‘బైబిలు స్త్రీలు’. వాళ్లలో ఎక్కువమంది దళితులు, వితంతువులు. నివేదికల్లో వాళ్లు చాలాసార్లు ఒక అంకె మాత్రమే.

పి.వై. లూక్, జాన్ కార్మన్‌లు మెదక్ డయోసిస్ పల్లెల్ని అధ్యయనం చేసి 1968లో పుస్తకం వేశారు. బాప్తిస్మం తీసుకున్న కుటుంబాల జీవితంలోంచి పోచమ్మ, మైసమ్మ పూర్తిగా వెళ్లిపోలేదని అందులో కనిపిస్తుంది. దీన్ని విశ్వాసలోపం అనడం సులభం. నాకలా అనిపించదు. బిడ్డకు అమ్మవారు పోస్తే రాత్రంతా మేలుకునేది తల్లి. ఏ దేవుడిని పిలవాలో ఆ రాత్రి ఆమే తేల్చుకుంటుంది. ఆ తల్లులే క్రిస్మస్‌ను జాతర చేశారు: చర్చి ఆవరణలో పొయ్యి పెట్టి వండుకోవడం, మొక్కు చెల్లించడం, తెల్లవారుజామున ఆరాధనకు పిల్లల్ని లేపి నడిపించడం. ఇంగ్లండు నుంచి వచ్చిన పండగకు ఈ నడక నేర్పింది వీళ్లే. క్రైస్తవులు కానివాళ్లూ అందులో కలిసిపోయారు.

2024లో గుడికి వందేళ్లు నిండాయి, ముఖ్యమంత్రి వచ్చి వెళ్లారు. పాస్నెట్ గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. బైబిలు స్త్రీల మనవరాళ్లు మాత్రం జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి షాపూర్‌నగర్ గదుల్లో వంట చేసుకుంటున్నారు. అమ్మమ్మ పాడిన పాటలు, నడిచిన ఊళ్లు వాళ్లకు ఇంకా కొంత గుర్తున్నాయి. టేప్‌రికార్డరో ఫోనో పట్టుకుని ముందు వాళ్ల దగ్గర కూర్చోవాలి, డిసెంబరులో కాదు, ఏదో ఒక ఆదివారం, వాళ్లకు తీరికున్నప్పుడు.